మిద్దె దిగిన నిప్పులు: తిరుపతిలో ఒక పాత బార్బెక్యూ హోటల్ ఇప్పుడెలా ఉంది

సీకు మీది ముక్క టేబుల్ దగ్గరికి వచ్చేసరికే పూర్తిగా ఉడికిపోయి ఉంటే, ఇక టేబుల్ మధ్యలో నిప్పు దేనికి? ఈ హోటల్ గురించి ఇప్పుడు ముందుగా అడగాల్సింది ఇదే. చికెన్ పీచుపీచుగా ఉందని ఒకరు, సీక్ కబాబ్ వడలా విరుగుతోందని ఇంకొకరు, పొగ వాసనే లేదని మరొకరు అంటారు. వేర్వేరు ఫిర్యాదుల్లా కనిపిస్తాయి గానీ అన్నిటికీ మూలం ఒకటే, టైము. బొగ్గు రాజుకోవడానికి, మసాలా ఊరడానికి, ముక్క కాలడానికి, మనిషి కూర్చుని తినడానికి ఇచ్చే టైమును తలా కాస్తా కోసేశారు.

టేబుల్ మీదే సీకులు కాల్చుకు తినే బఫే ఇది. పేరు రాయడం లేదు. 2018 నుంచి నెలకోసారైనా తిన్న చోటు, కరోనా మూత తప్ప. ఏడాదిన్నర విరామం తర్వాత ఈమధ్య మూడుసార్లు, వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పూటల్లో తిని చూసి రాస్తున్నాను. ఒక్కసారి తిని తీర్పు చెబితే గ్రిల్లుకు అన్యాయం చేసినట్టు. ఆ రోజు వంట మాస్టర్ సెలవులో ఉండొచ్చు, సరుకు ఆలస్యంగా వచ్చి ఉండొచ్చు. మూడుసార్లూ అదే కనిపిస్తే మాత్రం అది వాళ్లు ఎంచుకున్న పద్ధతే అనుకోవాలి.

అప్పట్లో ఇది మిద్దె మీద ఉండేది. పైన రేకుల కప్పు, మూడు వైపులా గాలి, 14 టేబుళ్లు. ప్రతి టేబుల్ మధ్యలో గొయ్యి, అందులో ఇనుప సిగిడి, నిండా నిప్పులు. తిరుపతి మే నెల ఎండకు పైన రేకులు, ఎదురుగా నిప్పులు అంటే ఎలా ఉండేదో వేరే చెప్పక్కర్లేదు. అయినా జనం వచ్చేవాళ్లు. ఎప్పుడు కూర్చున్నారు, ఎప్పుడు లేస్తారు అని అడిగేవాళ్లు కాదు. ఇప్పుడు కింది అంతస్తులో గాజు తలుపుల ఏసీ హాలు, 30కి పైగా టేబుళ్లు, మధ్యాహ్నం రెండు స్లాట్లు, రాత్రి రెండు స్లాట్లు. ఫోన్లో బుక్ చేసేటప్పుడే 90 నిమిషాలని చెప్పేస్తారు. 75వ నిమిషానికి, ఐస్‌క్రీమ్ తెచ్చుకుంటారా సార్ అని గుర్తు చేస్తారు. మర్యాదగానే.

ముందు నిప్పు సంగతి. పాత రోజుల్లో వాడింది సర్కారు తుమ్మ బొగ్గు. మన దగ్గరా, నెల్లూరు వైపూ చెరువు గట్ల మీద, బీళ్లలో ఎవరూ నాటకుండానే పెరిగే ముళ్ల చెట్టు అది. కట్టె గట్టిది కాబట్టి బొగ్గూ బరువుగా ఉంటుంది. రెండు ముక్కలు ఒకదానికొకటి తగిలిస్తే ఖంగుమంటాయి. చిటపటలు తక్కువ, వేడి నిలకడ ఎక్కువ. ఒక టేబుల్‌కు కిలో, కిలోంపావు పోస్తే గంటన్నర దాకా ఢోకా ఉండదు. కాకపోతే రాజేసిన వెంటనే పనికిరాదు. నలుపంతా పోయి ప్రతి ముక్క మీదా తెల్లటి బూడిద పొర పట్టాలి. దానికి 25 నుంచి 30 నిమిషాలు కావాలి. ఆలోపే మాంసం పెడితే చేదు పొగ పట్టుకుంటుంది. కిరసనాయిలు పోసి రాజేసి ఉంటే ఆ కంపు కూడా. పాత మాస్టర్ వెనకవైపు పెద్ద పొయ్యిలో నిప్పులు ముందే సిద్ధం చేసి, టేబుల్ నిండగానే సిగిడిలో పోయించేవాడు. టేబుల్ దగ్గర బొగ్గు రాజేయడం ఎప్పుడూ లేదు.

ఇప్పుడున్నది గ్యాస్. టేబుల్ లోపల చిల్లుల గొట్టం, దాని మీద ఒక రేకు పళ్లెం, పళ్లెంలో నాలుగు నల్లరాళ్లు, ఆపైన జాలీ. బొగ్గు తీసేయడానికి పిసినారితనమే కారణం అనుకుంటే పొరపాటు. మండే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. టేబుల్ టేబుల్‌కూ పైకి లాగేసే గొట్టాలు లేకుండా మూసిన ఏసీ హాల్లో 30 సిగిడీలు పెడితే తిన్నవాళ్లకు తలనొప్పి, వికారం మొదలవుతాయి. ఆ నెపం మసాలా మీదికి పోతుంది. అక్కడితో ఆగకపోతే ప్రాణం మీదికీ వస్తుంది. కాబట్టి మిద్దె దిగిన రోజే బొగ్గుకు చెల్లు. అందులో వాళ్లను తప్పుపట్టను. బొగ్గుతో పాటు ఏమేం పోతాయో తెలుసుకుని వంట మార్చుకోకపోవడమే అసలు తప్పు.

పొగ వాసన బొగ్గుదే అనుకుంటారు చాలామంది. బూడిద పట్టేదాకా రాజుకున్న బొగ్గుకు వాసన దాదాపు ఉండదు. ముక్క నుంచి కారే కొవ్వు, వెన్న, పెరుగు మసాలా నిప్పు మీద పడి చుయ్యిమంటాయి, ఆ పొగ లేచి మళ్లీ ముక్కకే పట్టుకుంటుంది. మనం ఇష్టపడే వాసన అదే. కొత్త గ్రిల్లులో మంటకూ ముక్కకూ మధ్య ఆ రేకు పళ్లెం అడ్డం ఉంది. కడుక్కోవడానికి సులువని పెట్టారు. కారినదంతా అందులో పడి అక్కడే అడుగంటుతుంది. మొదటి స్లాట్‌లో కూర్చుంటే ఏ వాసనా రాదు. రెండో స్లాట్‌లో కూర్చుంటే మొదటి స్లాట్ వాళ్ల మాడు వాసన వస్తుంది.

ఇంకొకటి, గ్యాస్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. బొగ్గు మండితే అది చాలా తక్కువ. ముక్క పైభాగం పొడిబారి, వేడి సుమారు 140 డిగ్రీలు దాటితేనే ఎర్రటి కమ్మటి పొర కడుతుంది. పైన తడి ఆరకపోతే ముక్క ఉడుకుతుందే తప్ప కాలదు. గ్యాస్ మీద బాగా కాల్చలేమని కాదు, మంట పెద్దదిగా ఉండాలి. ఇక్కడ మంట తిప్పే మీట టేబుల్ కింద ఉంటుంది, సప్లయర్లే తిప్పాలి, ఎప్పుడు చూసినా సన్నగానే ఉంటుంది. సరిపోతుందో లేదో తేల్చుకోవాలంటే జాలీకి నాలుగంగుళాల పైన అరచెయ్యి పెట్టి నిదానంగా లెక్కపెట్టండి. మూడు అనేలోపు చెయ్యి తీసేయాలనిపిస్తే కాల్చడానికి తగిన వేడి. ఇక్కడ మూడుసార్లలోనూ ఎనిమిది దాకా హాయిగా పెట్టుకోవచ్చు. చలికాలమైతే బాగుండు.

లోపం వాళ్లకూ తెలిసినట్టే ఉంది. వంటగదిలో గిన్నె మధ్యన ఒక నిప్పుకణిక పెట్టి, నెయ్యి చుక్క వేసి, మూత పెట్టి పొగ పట్టిస్తున్నారు. మూడు నాలుగు నిమిషాలైతే మంచి పద్ధతే. కానీ ఆ పొగ ముక్క చర్మం దాటి లోపలికి పోదు. మొదటి కొరుకుడులో గుప్పుమని, రెండో కొరుకుడుకు మాయమైపోతుంది.

ఇక చికెన్. పాత ముక్క తొడ మాంసం, ఎముక తీసింది, ఒక్కోటి 35, 40 గ్రాములు. రెండు దఫాలుగా ఊరేది. మొదట ఉప్పు, నిమ్మరసం, అల్లంవెల్లుల్లి పట్టించి అరగంట ఉంచి, ఊరిన నీళ్లు వంపేసేవాళ్లు. తర్వాత గుడ్డలో కట్టి నాలుగు గంటలు వేలాడదీసిన గట్టి పెరుగు, ఆవనూనె, కశ్మీరీ మిరప్పొడి, వేయించిన శనగపిండి కొంచెం, కసూరి మేతి కలిపి రాత్రంతా చల్లటి పెట్టెలో. మర్నాడు తందూరులో ఆరేడు నిమిషాలు, అంటే మూడింట రెండొంతులు కాల్చి టేబుల్‌కు పంపేవాళ్లు. మిగతా వంతు టేబుల్ నిప్పుల మీద నాలుగైదు నిమిషాల్లో పూర్తయ్యేది. టేబుల్ మధ్యలోని నిప్పుకు అప్పుడు పని ఉండేది.

ఇప్పుడు వచ్చేది రొమ్ము ముక్క, 20 గ్రాములు దాటదు. మసాలా పల్చటి ముద్దగా డబ్బాల్లో తయారై వస్తోంది. పెరుగు వడగట్టకపోతే నీళ్లు వదులుతుంది, మసాలా ముక్కను పట్టుకోదు. పట్టుకోవడానికి మొక్కజొన్న పిండి, కంటికి ఆనడానికి రంగు. తేల్చుకోవడం కష్టం కాదు. గ్రిల్లు మీద ముక్క అంచున తెల్లటి నీటి బుడగలు వస్తుంటే పెరుగు వడగట్టలేదని అర్థం. ఫోర్కుతో గీరితే మసాలా పొరలా ఊడి వచ్చి, కింద మాంసం తెల్లగా కనిపిస్తే ఊరడానికి టైము ఇవ్వలేదని అర్థం. వేళ్లకు అంటిన ఎరుపు సబ్బుతో కడిగినా పోకపోతే అది మిరప్పొడి ఎరుపు కాదు.

రొమ్ము ముక్కతో ఉన్న చిక్కు కొంచెం విడమర్చి చెప్పాలి. కోడి మాంసం లోపల 74 డిగ్రీలు తగిలితే తినడానికి భద్రం. రొమ్ము మాంసం ఆ గీత దాటి నాలుగైదు డిగ్రీలు పోయినా నీరంతా వదిలేసి పీచవుతుంది. తొడ మాంసం అలా కాదు. అందులోని జిగురు కరగడానికే ఇంకా వేడి కావాలి, 80 దాటినా మెత్తగానే ఉంటుంది. కబుర్లలో పడి ముక్కను గ్రిల్లు మీదే మరిచిపోయినా పాత రోజుల్లో పెద్దగా పాడయ్యేది కాదు, అది తొడ ముక్క కాబట్టి. ఇప్పుడు 90 నిమిషాల స్లాట్ కాబట్టి వంటగది ఆగలేదు. స్లాట్ మొదలు కాకముందే ముక్కలన్నీ పూర్తిగా కాల్చి వేడిపెట్టెలో పెడతారు. అది ఒక ఉడుకు. వేడిపెట్టెలో అరగంట ఇంకో ఉడుకు. టేబుల్ మీద మూడోది. మూడు ఉడుకులు తట్టుకునే కోడి రొమ్ము ఎక్కడా లేదు.

ముందే పూర్తిగా ఉడికించడం భద్రతకు మంచిదే కదా అనొచ్చు. నిజమే. ఎనిమిది అంకెల దాకా చెయ్యి పెట్టగలిగే గ్రిల్లు మీద సగం ఉడికిన కోడిని పెడితే పిల్లల కడుపులకు ప్రమాదం. అలా పూర్తిగా ఉడికించేటట్టయితే తొడ ముక్క వాడాలి, లేదా ఎముక ముక్క. రుజువు ఇక్కడే ఉంది. ఇప్పటికీ ఈ హోటల్లో బాగున్న చికెన్ ఒక్క తంగ్డీనే. కాలు ముక్కకు నిలువునా మూడు గాట్లు లోతుగా పెడుతున్నారు, మసాలా ఎముక దాకా దిగుతోంది, తందూరు నుంచి నేరుగా వస్తోంది. ఎముక పక్కన కాస్త ఎర్రగా కనిపిస్తే వెంటనే వెనక్కి పంపకండి. బ్రాయిలర్ కోడి ఆరు వారాల లేత పక్షి, ఎముకలోని రంగు బయటికి ఊరుతుంది. రసం తెల్లగా వస్తూ, మాంసం ఎముక నుంచి సులువుగా విడిపోతుంటే ఉడికినట్టే. రసం కూడా ఎర్రగా ఉంటే అప్పుడు పంపండి.

మటన్ దగ్గర ఇంకా బాధ. మన వైపు సియ్యలంటే పొట్టేలే, నాలుక మోసపోదు. పాత మెనూలో బోటీ కబాబ్ ఉండేది, పేగుల బోటీ కాదు, ఎముక లేని మాంసం ముక్కలు. కిలో మాంసానికి 30, 40 గ్రాముల పచ్చి బొప్పాయి ముద్ద తొక్కతో సహా నూరి పట్టించి, రెండు మూడు గంటలకు మించి ఉంచేవాళ్లు కాదు. ఎక్కువసేపు ఉంచితే పైన గుజ్జు, లోపల రబ్బరు. ఇప్పుడు బోటీ ఆదివారాలకే పరిమితం, అదీ తినే సోడా వేసి మెత్తబరిచింది. పంటి కింద జెల్లీలా జారి, చివర్లో నాలుక మీద సబ్బు లాంటి రుచి తగిలితే సోడా ఎక్కువైందని గుర్తు. మామూలు రోజుల్లో మటన్ పేరుతో వచ్చేది సీక్ కబాబ్ ఒక్కటే.

సీక్ కబాబ్ చేయడం చూడ్డానికి సులువు, కుదరడం కష్టం. ఖీమాలో ఐదో వంతు కొవ్వు ఉండాలి, యంత్రంలో రెండుసార్లు తిప్పాలి, ఉల్లిపాయ తరుగును పిండి నీళ్లు తీసేయాలి, కిలోకు 40, 50 గ్రాముల వేయించిన శనగపిండి చాలు, కలిపిన ముద్ద బాగా చల్లగా ఉండాలి. కొవ్వు మెత్తబడితే ముద్ద సీకును పట్టుకోదు, తందూరులోనే ఊడి పడిపోతుంది. ఊడకుండా ఉండడానికి సులువు దారి పిండి పెంచడం. ఇక్కడ ఆ దారే పట్టారు. కబాబ్‌ను వేళ్లతో వంచి చూడండి. బాగున్నదైతే కాస్త వంగి, తర్వాత చీలి, చీలిక దగ్గర కొవ్వు మెరుస్తుంది. ఇక్కడిది టప్పున విరిగింది, లోపల పొడిపొడిగా ఉంది. దీన్ని మిర్చి బజ్జీ బండి దగ్గర వడ అని అమ్మితే కొనేవాళ్లు, అంత అన్యాయమైన రుచేం కాదు. మటన్ అనడంతోనే పేచీ.

చేప, రొయ్య గురించి ఎక్కువ చెప్పను. వంజరం పోయి బాసా వచ్చింది. ప్లేటులో ఐదు నిమిషాలు పెడితే చుట్టూ తెల్లటి నీళ్లు చేరతాయి, ఫ్రీజర్ చేపను తొందరగా కరిగించినట్టు. రొయ్యలు నెల్లూరు చెరువుల్లో పెంచే వనామీ రకమే, అప్పుడూ ఇప్పుడూ. కానీ అప్పుడు కిలోకు 40 తూగేవి, ఇప్పటివి చూపుకు కిలోకు 80కి తగ్గవు. అంత చిన్న రొయ్య రెండు నిమిషాలకే ఉడుకుతుంది. ముందే ఉడికించి మళ్లీ గ్రిల్లు మీద పెడితే రబ్బరు ఉంగరం. వీపు మీది నల్ల నరం కూడా అన్నిటికీ తీయడం లేదు.

శాకాహారం విషయంలో తిరుపతికి తిరుపతి లెక్క ఉంది. ఒకే ఇంట్లో ఒకరు శనివారం ముట్టరు, ఒకరు మొక్కుబడి మీద ఉంటారు, ఒకరు అసలే తినరు, అందరూ ఒకే టేబుల్ మీద కూర్చుంటారు. అందుకే పాత చోట సిగిడికి మధ్యన ఇనుప పలక అడ్డం ఉండేది, వెన్న గిన్నెలు రెండు, బ్రష్‌లు రెండు, శాకాహారం వైపు బ్రష్ పిడికి పచ్చ దారం కట్టి ఉండేది. ఎవరూ నోరు తెరిచి అడగాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు గిన్నె ఒకటే, బ్రష్ ఒకటే. చికెన్‌కు రాసిన బ్రష్‌తోనే సప్లయర్ పనీర్‌కు రాసేస్తున్నాడు. అడిగితే కొత్తది తెస్తారు, సారీ కూడా చెబుతారు. అయితే అడిగేలోపే రాసేస్తారు. కూర్చోగానే, ఒక్క ముక్కా రాకముందే రెండో బ్రష్, రెండో గిన్నె అడగండి. వెన్న అని రాసేది కూడా ఇప్పుడు వెన్న కాదు. వేలికి రాసుకుంటే కరగకుండా జిడ్డుగా నిలుస్తోంది.

పనీర్ ఫర్వాలేదు. పుట్టగొడుగు ముక్కలు బాగున్నాయి, తడి ఆరనిచ్చి పెడుతున్నారు. అనాసపండు ఇప్పటికీ ఈ హోటల్ గౌరవం నిలబెడుతోంది. నిలువు ముక్క, పైన దాల్చినచెక్క పొడి, కొద్దిగా కారం, చక్కెర కరిగి అంచులు ముదురు రంగు తిరిగేదాకా తందూరులోనే కాల్చి తెస్తారు. డబ్బా పండు కాదు, మధ్యలోని కాడ కాస్త గట్టిగా ఉండడమే రుజువు.

మెయిన్ కోర్స్‌లో ఒకప్పటి గర్వం సంగటి, నాటుకోడి పులుసు. చెంబుడు బియ్యం ఉడికి మెత్తబడ్డాక చెంబుడు రాగిపిండి పోసి, మూత పెట్టి మగ్గనిచ్చి, తెడ్డుతో గెలికి, అడిగినప్పుడు ముద్ద చేసి ఇచ్చేవాళ్లు. సంగటికి ఉన్న గుణమే అది, వేడి మీద తినాలి. ఇప్పుడు ముద్దలు ముందే చుట్టి బఫే డబ్బాలో వరసగా పెడుతున్నారు. కింద ఆవిరి తగిలి అడుగు జావలా, పైన గాలి తగిలి బెరడులా తయారవుతున్నాయి. కోడి సంగతి మరీ ఘోరం. నాటుకోడి ముక్క గంటకు తక్కువ ఉడకదు, ఎముక సన్నగా గట్టిగా ఉంటుంది, తోలు పల్చన, మాంసం రంగు ముదురు. బౌల్‌లో వచ్చింది గుడ్లు పెట్టి పెట్టి అలిసిపోయిన లేయర్ కోడి. గట్టిగా ఉంటుంది కాబట్టి నాటుదని నమ్మించొచ్చు. కానీ తోలు కింద పసుపు పచ్చ కొవ్వు మందంగా ఉంటుంది, పులుసు మీద నూనె తెట్టు కడుతుంది. పాత చిత్తూరు జిల్లా నాలుకల ముందు ఈ ఆట ఆడకుండా ఉండాల్సింది. చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి మాత్రం రోట్లో నూరినట్టే ఉంది. దాంతో సంగటి తినేసి లేవొచ్చు.

డెజర్ట్‌లు ఉన్నాయి. ఐస్‌క్రీమ్, గులాబ్‌జామ్, కేకు ముక్కలు. కేకు ముక్కలు పుట్టినరోజు టేబుళ్ల మిగులు కాదని ఆశిద్దాం. స్లాట్‌కు కనీసం నాలుగు పుట్టినరోజులు, ప్రతి దానికీ డప్పు.

ఎప్పుడు వెళ్లాలన్నది ఈ ఊళ్లో ముఖ్యమైన ప్రశ్న. శనివారం వెంకన్న రోజు, తిరుపతిలో చాలా ఇళ్లలో మాంసం ముట్టరు. శుక్రవారానికి ఊరబెట్టింది మిగిలితే శనివారం రాత్రి దాకా జరుగుతూ పోతుంది. అలాంటి ముక్క నోట్లో పుల్లగా, పైన మెత్తగా తగులుతుంది. ఆదివారం మధ్యాహ్నం మొదటి స్లాట్ మేలు. పొద్దున వచ్చిన సరుకు, ముక్క వేడిపెట్టెలో నిలిచే టైమూ తక్కువ. పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా, తమిళనాడు నుంచి వచ్చే భక్తుల్లో చాలామంది నెలంతా మాంసం మానేస్తారు, మన దగ్గరా ఎందరో పాటిస్తారు. కార్తీకంలోనూ అంతే. ఆ రోజుల్లో ఇక్కడ మాంసం జోలికి పోవద్దు, శాకాహార బఫే తీసుకోండి. వంటగది దృష్టంతా అటే ఉంటుంది, అనాసపండు, పుట్టగొడుగు అప్పుడే మరీ బాగుంటాయి.

వెళ్లేవాళ్లకు పనికొచ్చే మాటలు కొన్ని. కూర్చోగానే వచ్చే కరకరలాడే మొక్కజొన్న, మసాలా బంగాళాదుంపలు రెండు గరిటెలకు మించి తినకండి. చవకైనవి, కడుపు నింపేవి ముందు రావడం బఫే వ్యాపారానికి మామూలే. మటన్ వచ్చేసరికి 35, 40 నిమిషాలు గడిచిపోతాయి. కాబట్టి నీళ్లు పోసే సప్లయర్‌కే చెప్పేయండి, తంగ్డీ, సీక్ ముందు కావాలని, టేబుల్ గ్రిల్లు మీద వద్దు, తందూరు నుంచి నేరుగా ప్లేటులోకి తెమ్మని. ఈ ఒక్క మాటతో మూడో ఉడుకు తప్పుతుంది. ఒకేసారి ఆరు సీకులు పెట్టనివ్వకండి, రెండేసి చాలు. గ్రిల్లు మీద పెట్టాల్సివస్తే మంట పెంచమని అడిగి, వైపుకు నిమిషం చొప్పున కాల్చి తీసేయండి. వెన్న చివర్లో రాయండి, నిమ్మకాయ ప్లేటులోకి వచ్చాకే పిండండి. ముందే పిండితే పైభాగం తడిసి ఆ కాస్త ఎరుపూ రాదు. గరిటెతో ముక్కను నొక్కకండి, ఉన్న రసం కారిపోతుంది.

బిల్లు. 2018లో వారం మధ్య మధ్యాహ్నం మాంసాహారం తలకు 549 ఉండేది, ఇప్పుడు 899. దాని మీద 5 శాతం జీఎస్టీ. నలుగురికి 3,596, పన్ను 180, మొత్తం 3,776. ఇన్నేళ్లలో కోడి, గ్యాస్, జీతాలు పెరిగాయి, ఆ ధర అన్యాయం అనను. కానీ 3,776 దాటి బిల్లు వస్తే కింద సర్వీస్ ఛార్జ్ గీత ఉందేమో చూడండి. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదు. తీసేయమంటే ఇక్కడ వాదించకుండా తీసేశారు.

ఒక మేలు మాత్రం ఎక్కడా బోర్డు మీద రాయలేదు. మిద్దె మీద పాత సిగిడీలు రెండు ఇంకా పనిచేస్తున్నాయి. పదిమందికి తగ్గకుండా ఉండి, ఒక రోజు ముందు చెబితే బొగ్గు మీద పెడతారు, తలకు 150 అదనం. స్లాట్ లెక్క లేదు. ముక్కలు కింది వంటగదివే, మసాలా అదే డబ్బా మసాలా, అయినా చెప్పి అడిగితే తొడ మాంసం ఇస్తున్నారు. బొగ్గు మాత్రం తుమ్మ కాదు, సరుగుడు బొగ్గు. ఇక్కడ పోసేది 50 నిమిషాలకే చల్లారుతుంది. రెండో దఫా నిప్పులు పక్కన సిద్ధంగా ఉంచమని ముందే అడగాలి. మీరు 7 గంటలకు వెళ్లేటట్టయితే 6:30కే రాజేయమని ఫోన్లో చెప్పి, 6:15కి మరోసారి గుర్తు చేయండి. చెప్పకపోతే మీరు వచ్చి కూర్చున్నాకే రాజేస్తారు, మొదటి రెండు సీకులు చేదు పొగ పాలవుతాయి.